ఫ్రీమాంట్ నుంచి లివర్‌మోర్ వైనరీలకు బస్సులో ఒక రోజు: తరచుగా అడిగే ప్రశ్నలు

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, మిల్పిటాస్, శాన్ రామన్, సన్నీవేల్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లు నలుగురూ కలిసి బస్సు మాట్లాడుకుని వైనరీలకు (వైన్ తయారుచేసి, రుచి చూపించే చోట్లకు) వెళ్దామనుకున్నప్పుడు అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఇవే. మా స్నేహితుల్లో బస్సు కుదిర్చే పని, వైనరీలకు ఫోన్లు చేసే పని నా మీదే పడుతుంది కాబట్టి సమాధానాలన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. పాతిక ముప్ఫై మంది పెద్దవాళ్లు, పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరాలి. ఆ లెక్కలో చదవండి.

అయిదారు కార్లలో వెళ్తే సరిపోదా? బస్సు ఎందుకు?

కారుకి ఒకరు చొప్పున తాగకుండా ఉండాలి. ఆ ఒకరు ఎవరన్నది ముందు ఎవరూ తేల్చుకోరు. మూడో వైనరీ దగ్గరికి వచ్చేసరికి "నేను రెండు సిప్పులే తాగాను, నడిపేస్తాను" అనేవాళ్లు తయారవుతారు. లేదంటే ప్రతి కారులోనూ భార్యే డ్రైవర్ అవుతుంది, ఆమెను అడిగినవాళ్లు కూడా ఉండరు.

కాలిఫోర్నియాలో రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం ఉంటే కేసు. అంతకంటే తక్కువున్నా నడక, మాట తేడాగా ఉంటే పోలీసు అరెస్టు చేయవచ్చు. వీసా మీద ఉన్నవాళ్లకు ఇది ఫైన్‌తో పోయే సంగతి కాదు. గత అయిదేళ్లలో తాగి నడిపిన కేసులో అరెస్టయితే చాలు, కోర్టులో నేరం రుజువు కాకముందే వీసా రద్దు చేసే పద్ధతిని అమెరికా విదేశాంగ శాఖ 2015 నుంచి అమలు చేస్తోంది. ఆ తర్వాత ఇండియా వెళ్తే కొత్త వీసా కోసం కాన్సులేట్ చెప్పిన డాక్టర్ దగ్గర పరీక్ష చేయించుకోవాలి. హెచ్-1బీ మీద ఉన్న మనిషికి ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు.

బస్సు ఉంటే ఎవరూ నడపక్కర్లేదు. నడిపే బాధ్యత లేదు కదా అని ఎవరూ తాగి తీరాల్సిన పనీ లేదు. రెండోది కూడా మొదటిదంత ముఖ్యం, కింద మళ్లీ చెబుతాను.

నాపాకి వెళ్లాలా, లివర్‌మోర్‌కి వెళ్లాలా?

మొదటిసారి పెద్ద గుంపుతో వెళ్తుంటే లివర్‌మోర్ అనే నా సలహా.

శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన ఉన్న నాపా లోయ పేరు పెద్దది. 1976లో పారిస్‌లో ఫ్రెంచ్ నిర్ణేతలు సీసా పేరు చూడకుండా రుచి చూసిన పోటీలో షాటో మాంటెలీనా వారి 1973 షార్డనే (వైట్ వైన్), స్టాగ్స్ లీప్ వైన్ సెలర్స్ వారి 1973 కాబర్నే (రెడ్ వైన్) ఫ్రెంచ్ వైన్లను దాటి మొదటి స్థానాల్లో నిలిచాయి. ఆ రెండూ నాపావే. అప్పటి నుంచి ప్రపంచం అటు చూస్తోంది. అక్కడ టేస్టింగ్‌కి, అంటే కొన్ని రకాల వైన్లు కొంచెం కొంచెం రుచి చూడటానికి, తలకి 50 డాలర్లు దాటడం మామూలే. 1990లో కౌంటీ తెచ్చిన నిబంధన వల్ల ఆ తర్వాత వచ్చిన వైనరీలకు ముందస్తు అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్లడం కుదరదు. ఫ్రీమాంట్ నుంచి బస్సులో ఒకటిన్నర గంట పైనే పడుతుంది. వారాంతంలో హైవే 29 మీద ఇరుక్కుంటే ఇంకా ఎక్కువ. రానూపోనూ నాలుగు గంటలు బస్సులోనే పోతే రోజులో మిగిలేదేముంది? ఆరుగురు, ఎనిమిది మంది వ్యాన్ తీసుకుని తీరిగ్గా వెళ్తే నాపా బాగుంటుంది.

లివర్‌మోర్ మనకు పక్కనే. సునోల్ దాటి హైవే 84 మీదుగా వెళ్తే ఫ్రీమాంట్ నుంచి ముప్పావు గంట. వంతెన టోల్ లేదు. టేస్టింగ్ ధర నాపాతో పోలిస్తే బాగా తక్కువ. ఒక వైనరీ నుంచి ఇంకో వైనరీకి అయిదు, పది నిమిషాలు.

లివర్‌మోర్ వైన్ అంత గొప్పదా? ఎవరూ చెప్పుకోగా వినలేదే?

చరిత్ర తెలిస్తే ఈ ప్రశ్న అడగరు. రాబర్ట్ లివర్‌మోర్ అనే ఆయన 1840లలోనే ఇక్కడ ద్రాక్ష నాటాడు. వెంటీ, కాన్‌కానన్ రెండూ 1883లో మొదలయ్యాయి. 1889 పారిస్ ప్రదర్శనలో అత్యున్నత బహుమతి తెచ్చుకుని కాలిఫోర్నియా పేరు యూరప్‌లో వినిపించింది ఈ లోయలోని క్రెస్టా బ్లాంకా వైనే. 1920 నుంచి 1933 దాకా దేశమంతా మద్యనిషేధం ఉన్నప్పుడు చర్చిల ఆరాధనకు వాడే వైన్ చేసి ఇక్కడి పాత కుటుంబాలు తోటలు నిలబెట్టుకున్నాయి.

ఇంకో సంగతి నాకు బాగా ఇష్టం. వెంటీ కుటుంబం 1912లో ఫ్రాన్స్‌లోని మాంపెలియే నర్సరీ నుంచి షార్డనే కొమ్మలు తెప్పించింది. ఈ రోజు కాలిఫోర్నియాలో కనిపించే షార్డనే తీగల్లో అధిక భాగం వాళ్ల తోట మొక్కల నుంచి వచ్చినవే. 1936లో సీసా మీద ద్రాక్షరకం పేరుగా షార్డనే అని అచ్చు వేసి అమ్మినదీ వాళ్లే. అలాగే పెటీట్ సిరా అనే ముదురు ఎరుపు రకాన్ని ఆ పేరుతోనే సీసాలో అమ్మడం కాన్‌కానన్ 1961 పంటతో మొదలుపెట్టింది.

నేల గులకరాళ్లమయం, నీరు నిలవదు. లోయ తూర్పు పడమరలుగా ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం ఎండ మండినా సాయంత్రానికి శాన్ ఫ్రాన్సిస్కో బే వైపు నుంచి చల్లగాలి వస్తుంది. పగటి వేడికి పండులో తీపి పెరుగుతుంది, రాత్రి చల్లదనానికి పులుపు నిలుస్తుంది. తోటలో నిలబడి ఈ మాట చెబితే వైన్ ముట్టనివాళ్లకు కూడా నచ్చుతుంది.

ఏ నెల, ఏ రోజు మంచిది?

ఇంగ్లీషు క్యాలెండర్‌తో పాటు మన పంచాంగం కూడా దగ్గర పెట్టుకోవాలి. ఈ ముక్క అందరూ మర్చిపోతారు.

కోతల కాలం ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా. అప్పుడు వైనరీలో ద్రాక్ష నలిపే వాసన, ట్రాక్టర్లు, అంతా సందడి. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది కానీ జనం ఎక్కువ, సిబ్బందికి తీరిక తక్కువ. మనవైపు చూస్తే అప్పటికి శ్రావణం నడుస్తుంటుంది లేదా ఇప్పుడే పోయుంటుంది. తర్వాత దసరా నవరాత్రులు, వెంటనే కార్తీక మాసం. అది అయ్యేలోపే కొందరు అయ్యప్ప మాల వేసుకుంటారు. ఆ నెలల్లో తేదీ పెడితే సగం మంది రారు, వచ్చినవాళ్లలో సగం మంది ముట్టరు.

ఏప్రిల్, మే నెలలు అందుకే నాకు నచ్చుతాయి. తీగలు చిగురు వేసి, పూతకు వస్తుంటాయి. కొండలు ఇంకా పచ్చగా ఉంటాయి. జూలైలో లివర్‌మోర్ ఎండ 100 ఫారెన్‌హీట్ తాకడం మామూలే, పెద్దవాళ్లకు కష్టం.

వారంలో ఆదివారం పెట్టండి. శనివారం వెంకటేశ్వరస్వామికని మాంసం, మద్యం ముట్టనివాళ్లు మనలో చాలామంది. "మర్నాడు ఆఫీసు ఉంది కదా" అంటారు. ఉండనివ్వండి, ఆ భయానికి అందరూ హద్దులో ఉంటారు.

ఒక రోజులో ఎన్ని వైనరీలు చూడొచ్చు?

మూడు. నాలుగో దానికి ఎవరు పట్టుబట్టినా ఒప్పుకోకండి.

లెక్క చూద్దాం. ఒక టేస్టింగ్‌లో మామూలుగా అయిదు రకాలు పోస్తారు, ఒక్కోటి ఒకటిన్నర ఔన్సు, అంటే దాదాపు 45 మిల్లీలీటర్లు. మొత్తం 225 మిల్లీలీటర్లు. అమెరికాలో ఒక డ్రింక్ అంటే 12 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ 150 మిల్లీలీటర్లు. కాలిఫోర్నియా వైన్లు 14, 14.5 శాతం ఉండటం మామూలు కాబట్టి ఒక్క టేస్టింగ్ దాదాపు రెండు డ్రింకులతో సమానం. మూడు వైనరీలంటే అయిదు దాటింది. ఒంట్లోంచి ఒక డ్రింక్ పోవడానికి సుమారు గంట పడుతుంది. మజ్జిగ తాగినా, నిమ్మరసం తాగినా, కాఫీ తాగినా ఆ వేగం పెరగదు.

"కొంచెం కొంచెమే కదా" అనిపించడమే టేస్టింగ్‌లో ఉన్న చిక్కు. పెగ్గులు లెక్కపెట్టే అలవాటున్నవాళ్లు కూడా ఇక్కడ లెక్క తప్పుతారు.

మేము పాటించే వరుస ఇది. పదింటికి బస్సు కదులుతుంది. పదకొండుకి మొదటి వైనరీ, అక్కడ తోట చూపించే టూర్ ఉంటే అది తప్పక. తాజాగా ఉన్నప్పుడే వినగలరు. పన్నెండున్నరకి రెండోది, అక్కడే భోజనం, రెండు గంటలు కదలొద్దు. మూడింటికి మూడోది. నాలుగున్నరకి బస్సెక్కితే అయిదున్నరలోపు ఫ్రీమాంట్.

బస్సు కంపెనీని ఎలా ఎంచుకోవాలి? ఏమేం అడగాలి?

ధర అడిగే ముందు లైసెన్సు అడగండి. కాలిఫోర్నియాలో అద్దెకు బస్సు తిప్పే ప్రతి కంపెనీకీ పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్ ఇచ్చిన టీసీపీ (అద్దె రవాణా అనుమతి) నంబర్ ఉండాలి. బండి మీద కూడా అది రాసి ఉంటుంది. ఆ నంబర్ చెల్లుతోందో లేదో కమిషన్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. 16 మంది, అంతకు మించి పట్టే బండికి 50 లక్షల డాలర్ల ఇన్సూరెన్స్ తప్పనిసరి. సగం ధరకి వస్తానన్నవాడి దగ్గర సాధారణంగా ఈ రెండిట్లో ఏదో ఒకటి లేదు.

తర్వాత సైజు. పూర్తి కోచ్‌లో 56 సీట్లు, 45 అడుగుల పొడవు. తోటల మధ్య సన్నటి దారుల్లో అది తిరగదు, కొన్ని వైనరీలు రానివ్వవు కూడా. పాతిక, ముప్ఫై సీట్ల మినీబస్సు మనకు సరిగ్గా సరిపోతుంది. కాకపోతే దానిలో టాయిలెట్ ఉండదు. ప్రతి చోటా బయల్దేరే ముందు అందరినీ ఒకసారి వెళ్లి రమ్మని చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాలి.

గంటల లెక్క జాగ్రత్తగా చూడండి. చాలా కంపెనీలు కనీసం అయిదారు గంటలకు డబ్బు తీసుకుంటాయి. ఆ గంటలు మనం ఎక్కినప్పటి నుంచా, బస్సు గ్యారేజీలో బయల్దేరినప్పటి నుంచా? గ్యారేజీ దూరంగా ఉంటే బిల్లు అక్కడే పెరుగుతుంది. డీజిల్ అదనమా, డ్రైవర్ టిప్ బిల్లులోనే ఉందా, ఆలస్యమైతే గంటకి ఎంత, బస్సులో ఎవరైనా వాంతి చేసుకుంటే శుభ్రం చేసినందుకు ఎంత, రద్దు చేస్తే ఎంత వెనక్కి ఇస్తారు: ఇవన్నీ కాగితం మీద తీసుకోండి.

డ్రైవర్ రోజుకి 10 గంటలకు మించి నడపకూడదు, మొత్తం డ్యూటీ 15 గంటలు దాటకూడదు. మన ట్రిప్పు అందులోనే అయిపోతుంది. కానీ ఆయన పొద్దున ఇంకో ట్రిప్పు చేసి వస్తున్నాడేమో అడగడంలో తప్పు లేదు.

సీటు బెల్టులు ఉన్న బస్సులో పెట్టుకోవడం చట్టం, 2018 జూలై నుంచి. కదులుతున్న బస్సులో లేచి డాన్సులు వద్దు. పాటలు పెట్టుకోండి, అంత్యాక్షరి ఆడుకోండి, కూర్చునే.

డ్రైవర్‌కి కూడా ఒక ప్లేటు భోజనం లెక్కలో వేసుకోండి. మనల్ని ఇంటికి చేర్చే మనిషి ఆకలితో ఎండలో కూర్చోవడం మన పద్ధతి కాదు. కారంగా ఉంటుందేమో ముందే అడగండి.

ఖర్చు ఎలా పంచుకోవాలి?

బస్సు ఖర్చు మారదు, తలల సంఖ్య మారుతుంది. గొడవలన్నీ ఇక్కడే. ఉదాహరణకు బస్సుకి అన్నీ కలిపి 1,800 డాలర్లు అనుకోండి. 30 మంది వస్తే తలకి 60. ఆఖరి నిమిషంలో ఆరుగురు మానేస్తే 75. వచ్చినవాళ్లు ఎందుకు ఎక్కువ కట్టాలి?

అందుకే బస్సుకి అడ్వాన్సు ఇచ్చే ముందే ప్రతి ఒక్కరి దగ్గరా బస్సు వాటా తీసేసుకోండి. జెల్ (ఫోన్‌లో డబ్బు పంపే యాప్) చేసినవాళ్లకే సీటు. వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు పెడితే వస్తున్నట్టు కాదు. రాలేకపోతే వాళ్ల బదులు ఇంకొకర్ని వాళ్లే చూసుకోవాలి, లేదంటే డబ్బు తిరిగి రాదు. స్నేహితుల మధ్య ఇంత కచ్చితమా అనిపించవచ్చు. డబ్బు విషయం మొదట్లోనే తేలిపోతే స్నేహం చెడదు.

టేస్టింగ్ ఫీజు మాత్రం బస్సు డబ్బులో కలపకండి. తాగేవాళ్లు తాగేదానికి కట్టుకోవాలి. తాగనివాళ్లు బస్సుకి, భోజనానికి మాత్రమే ఇవ్వాలి.

డ్రైవర్ టిప్ బిల్లులో లేకపోతే బస్సు అద్దెలో 15 నుంచి 20 శాతం. ఆ డబ్బు పొద్దునే కవర్లో పెట్టి ఒకరి దగ్గర ఉంచండి. సాయంత్రం జేబులు తడుముకోవడం ఉండదు.

వైనరీలకి ముందు చెప్పాలా?

తప్పకుండా, నెల ముందు. ఎనిమిది మంది దాటితే ముందే బుక్ చేసుకోమని చాలా చోట్ల అంటారు. ఫోన్‌లో మూడు మాటలు చెప్పండి: ఎంతమంది, ఏ సైజు బస్సు, ఎన్ని గంటలకు. ముప్ఫై మందిని ఒకే బల్ల దగ్గర నిలబెట్టలేరు కాబట్టి రెండు జట్లు చేసి, ఒకటి టూర్‌కి, ఒకటి టేస్టింగ్‌కి పంపుతారు. దానికి ఒప్పుకోండి, మాట వినబడుతుంది.

టైము తప్పకండి. మొదటి చోట అరగంట ఆలస్యమైతే మూడో చోట మన టేబుల్ ఇంకొకరికి ఇచ్చేస్తారు. "పదింటికి బస్సు" అంటే పదింటికే కదలాలి. ఒక్కసారి కదిలి చూపిస్తే మళ్లీసారి అందరూ పావుతక్కువకే వస్తారు.

తిండి సంగతి ఏమిటి? పులిహోర తీసుకెళ్లొచ్చా?

బయటి తిండిని ఒక్కో వైనరీ ఒక్కోలా చూస్తుంది. లివర్‌మోర్‌లో పిక్నిక్ బల్లలు ఉన్న చోట్లు ఉన్నాయి, సొంత తిండి వద్దనేవీ ఉన్నాయి. బుక్ చేసేటప్పుడే అడగండి. బయటి మద్యం మాత్రం ఎక్కడా ఒప్పుకోరు.

అసలు భోజనం కంటే పొద్దుటి టిఫిన్ ముఖ్యం. ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లకే మధ్యాహ్నానికి కళ్లు తిరుగుతాయి. ఇంట్లో ఇడ్లీయో ఉప్మానో కడుపునిండా తిని రమ్మని ముందు రోజు రాత్రే మెసేజ్ పెట్టండి. రెండో వైనరీ దగ్గర పులిహోర, పెరుగన్నం, బంగాళదుంప వేపుడు సుఖంగా సాగిపోతాయి, చల్లారినా బాగుంటాయి.

కారం విషయంలో ఒక మాట. గాఢమైన రెడ్ వైన్‌లో వగరు ఉంటుంది. గుంటూరు కారం మీద ఆ వగరు, ఆల్కహాల్ పడితే నోరు ఇంకా మండుతుంది, వైన్ చేదుగా అనిపిస్తుంది. "వైన్ ఏం బాగాలేదు" అనే మాట చాలాసార్లు కోడివేపుడు తిన్న వెంటనే వస్తుంది. మన తిండికి కొంచెం తీపి ఉన్న రీస్లింగ్, గెవుర్ట్స్‌ట్రమీనర్ అనే వైట్ వైన్లు, లేదంటే చల్లటి రోజే (గులాబీ రంగు వైన్), బుడగల వైన్ బాగా కుదురుతాయి. బిర్యానీతో రోజే తాగి చూడండి. గోంగూర పులుపు పక్కన మెత్తటి రెడ్ కంటే పులుపున్న వైట్ నిలబడుతుంది.

మనిషికి రెండు సీసాల నీళ్లు బస్సులో పెట్టండి. ప్రతి గ్లాసు వైన్‌కీ ఒక గ్లాసు నీళ్లు.

నేను శుద్ధ శాకాహారిని. వైన్ ద్రాక్షరసమే కదా?

ద్రాక్షరసమే, కానీ మడ్డిని తేటపరచడానికి కొందరు గుడ్డు తెల్లసొన, పాలలోని కేసీన్, జెలటిన్, చేప తిత్తి నుంచి తీసిన పదార్థం వాడతారు. తర్వాత అవి అడుగున చేరి తీసివేయబడతాయి, అయినా పట్టింపు ఉన్నవాళ్లకు తెలియాలి. తేటపరచకుండా నింపినవీ, మట్టితో తేటపరచినవీ కూడా ఉన్నాయి. "వీగన్ (జంతు పదార్థాలు వాడని) వైన్లు ఏవి?" అని అడిగితే చక్కగా చెబుతారు. సీసా మీద సల్ఫైట్ల (వైన్ చెడకుండా ఉంచే పదార్థాల) హెచ్చరిక దాదాపు అన్నిటి మీదా ఉంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు అది గమనించుకోవాలి.

నేను తాగను. రావడం దండగేనా?

రండి. ఈ ట్రిప్పు మీది కూడా.

తోట, కొండలు, పాత నేలమాళిగలు, వరసగా పేర్చిన ఓక్ పీపాలు, స్నేహితులతో ఒక రోజు: ఇవన్నీ గ్లాసు లేకుండానే ఉన్నాయి. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పటి అనాబ్-ఇ-షాహి తోటలు చూసినవాళ్లకు ఇక్కడి ద్రాక్ష వింతగా ఉంటుంది. గుత్తి చిన్నది, పండు చిన్నది, తోలు మందం, లోపల గింజలు. పందిరి ఉండదు, నడుము ఎత్తు ఇనుప తీగలకి కట్టి పెంచుతారు. కోయకుండా చూడండి.

ఎందుకు తాగవని ఎవరూ అడగకూడదు. గర్భం సంగతి ఇంకా ఎవరికీ చెప్పని అమ్మాయి ఉండొచ్చు. యాంటీబయాటిక్ వాడుతున్నాయన ఉండొచ్చు, మెట్రోనిడజోల్ లాంటివి మద్యంతో అసలు పడవు. షుగర్ మాత్రలు, నిద్రమాత్రలు వేసుకునేవాళ్లు ఉండొచ్చు. మానేసి కష్టపడి నిలబడుతున్నవాళ్లు ఉండొచ్చు. మొక్కు ఉండొచ్చు, ఇష్టం లేకపోవచ్చు. "ఒక్క సిప్పు, ఏం కాదు బావా" అని గ్లాసు నోటి దగ్గర పెట్టే అలవాటు మనలో ఉంది. బస్సు కదిలే ముందు మైకు తీసుకుని "ఎవరినీ బలవంతం చేయొద్దు" అని ఒక్క మాట చెప్పండి. చెప్పినచోట తాగనివాళ్లు రోజంతా నవ్వుతూ ఉండటం నేను చూశాను.

పిల్లలను తీసుకురావచ్చా?

నా అభిప్రాయం వద్దనే. కొన్ని వైనరీలు 21 ఏళ్లు నిండనివారిని రానివ్వవు. రానిచ్చిన చోట కూడా పిల్లలకు గంటలో విసుగొస్తుంది. రెండు మూడు కుటుంబాలు కలిసి పిల్లలను ఒక ఇంట్లో అమ్మమ్మ దగ్గరో, నమ్మకమైన మనిషి దగ్గరో ఉంచడం మేలు. ఒకవేళ 21 లోపువాళ్లు బస్సులో ఉంటే, అదే బస్సులో మద్యం కూడా ఉంటే కంపెనీకి వేరే నిబంధనలు వర్తిస్తాయి. బుక్ చేసేటప్పుడే చెప్పేయాలి.

ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు. వాళ్లు రావచ్చా?

రావచ్చు, పాస్‌పోర్టు తెచ్చుకోవాలి. తల నెరిసినా ఐడీ అడిగేవాళ్లు ఉంటారు. ఫోన్‌లో ఫొటో, జిరాక్సు కాపీ నమ్ముకోవద్దు. మెట్లు, ఎండ, నడక ఎంత ఉంటాయో ముందే చెప్పండి. బూట్లు వేసుకోమనండి, దారులు కంకరవి.

కొడుకు పక్కన కూర్చుని తాగడానికి మొహమాటపడే నాన్నలు, నాన్న ముందు గ్లాసు పట్టుకోలేని కొడుకులు మనలో ఎక్కువ. రెండు జట్లు చేసేటప్పుడు ఆ ఇద్దరినీ వేర్వేరు జట్లలో వేస్తే ఇద్దరికీ హాయి.

దారిలోనే కదా, లివర్‌మోర్ గుడికి కూడా వెళ్దామా?

ప్రతి ట్రిప్పులోనూ ఎవరో ఒకరు అడుగుతారు. శివ-విష్ణు ఆలయం అదే ఊళ్లో ఉంది, అటు శివుడు, ఇటు విష్ణువు, ఒకేచోట దర్శనం. వెళ్లాలనుకుంటే పొద్దున్నే, వైనరీకి ముందే. తాగాక గుడి మెట్లెక్కడం మాత్రం వద్దే వద్దు. నిజానికి పెద్దవాళ్లు గుడికి వేరే రోజు తీరిగ్గా వెళ్లడానికే ఇష్టపడతారు. వాళ్ల మాట వినండి.

నాకు వైన్ గురించి ఏమీ తెలీదు. నవ్వుతారా?

నవ్వరు. పోసేవాళ్లకు కొత్తవాళ్లంటేనే ఉత్సాహం. వైట్ నుంచి రెడ్‌కి, తేలిక నుంచి గాఢానికి వరుసగా పోస్తారు. గ్లాసు కాడ పట్టుకుని కొంచెం తిప్పి, వాసన చూసి, చిన్న గుక్క నోట్లో కాసేపు ఉంచండి. నచ్చకపోతే బల్ల మీద ఉన్న పాత్రలో పారబోయవచ్చు, ఉమ్మేయవచ్చు కూడా. అది అక్కడ మర్యాదే.

ఇద్దరు ఒక టేస్టింగ్ పంచుకుంటే డబ్బూ తగ్గుతుంది, మత్తూ తగ్గుతుంది. ఎంగిలి పట్టింపు ఉంటే రెండో గ్లాసు అడగండి.

ఆ రోజు అత్తరు, గాఢమైన సెంటు వేసుకోకండి. తల నిండా మల్లెలు ఎంత అందంగా ఉన్నా పక్కవాళ్లకు వైన్ వాసన తెలియనివ్వవు.

బస్సులో తాగొచ్చా?

అద్దె బస్సుల్లో పెద్దవాళ్లకు చట్టం కొంత వెసులుబాటు ఇస్తుంది, కంపెనీ ఒప్పుకుంటేనే. నేనైతే వద్దంటాను. మూడు చోట్ల తాగింది చాలు. సీసాలన్నీ సీలు తీయకుండా సామాన్ల అరలో పెట్టండి.

ఎవరికైనా ఎక్కువైతే?

రోజంతా తాగని ఇద్దరిని ముందే పెట్టుకోండి. తలలు లెక్కపెట్టే పని కూడా వాళ్లదే, ప్రతి చోటా ఎక్కేటప్పుడు. మత్తెక్కిన మనిషిని ముందు సీట్లో కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, పక్కన ఒకరు ఉండాలి. ఒంటరిగా వెనక సీట్లో పడుకోబెట్టకండి. పడుకోవాల్సి వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పిలిస్తే పలక్కపోయినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, ఒళ్లు చల్లబడినా వెంటనే 911. "ఇన్సూరెన్స్, బిల్లు" అని ఆలోచించే సమయం కాదది.

బస్సు దిగాక ఇంటికి ఎలా వెళ్లాలి?

ఇది అందరూ అడగాల్సిన ప్రశ్న, చాలా తక్కువమంది అడిగేది. పొద్దున అందరూ ఎవరి కారులో వాళ్లు వచ్చి పార్కింగ్‌లో పెడతారు. సాయంత్రం అయిదున్నరకి బస్సు అక్కడే దించుతుంది. తాళాలు జేబులోనే ఉంటాయి. ఇల్లు మూడు మైళ్లే. పొద్దుటి నుంచి అంత జాగ్రత్తగా చేసిన ఏర్పాటంతా ఆ మూడు మైళ్లలో పోతుంది.

పైన వేసిన లెక్క గుర్తుందా? నాలుగున్నరకి ఆఖరి గ్లాసు దించిన మనిషి ఒంట్లో అయిదున్నరకి ఇంకా చాలా ఉంటుంది. బాగానే ఉన్నానని తనకి అనిపిస్తుంది.

అందుకే పొద్దున కార్లు తేవద్దనే చెప్పండి. ఇంట్లోవాళ్లు దించాలి, లేదా ఊబర్, లేదా తాగని స్నేహితుడి కారు. బస్సుకి అదనంగా అరగంట డబ్బు కట్టి రెండు మూడు అపార్ట్‌మెంట్ల దగ్గర దింపమని అడిగినా ఒప్పుకుంటారు, తలకి రెండు మూడు డాలర్లు పడుతుంది. కారు తెచ్చినవాళ్ల పేర్లు పొద్దునే రాసుకుని, సాయంత్రం వాళ్ల కారు ఎవరు నడుపుతారో ఆ పేరు కూడా పక్కన రాయండి. పేరు దొరక్కపోతే కారు రాత్రికి అక్కడే ఉంటుంది. కాబట్టి రాత్రంతా కారు ఉంచనిచ్చే చోటే కలుసుకోండి.

కొన్న సీసాలు ఎండకి పాడవవా?

పాడవుతాయి. ఆగి ఉన్న డీజిల్ బస్సు మనుషులు లేకుండా 5 నిమిషాలకు మించి ఇంజన్ నడపకూడదని కాలిఫోర్నియా నిబంధన. అంటే ఏసీ ఆగిపోతుంది, లోపల కొలిమిలా ఉంటుంది. వేడికి కార్కు పైకి తోసుకొస్తుంది, వైన్ రుచి ఉడికినట్టు మారుతుంది. రెండు పెద్ద కూలర్ పెట్టెలు, ఐసు ప్యాకులు తీసుకెళ్లండి. కొనుగోలు మూడో చోట పెట్టుకుంటే ఇంకా మంచిది. సీసాల మీద పేరు స్టిక్కర్ అంటించండి, దిగేటప్పుడు గందరగోళం ఉండదు.

వైన్ క్లబ్‌లో (అప్పుడప్పుడు సీసాలు పంపి డబ్బు తీసుకునే పథకంలో) చేరమని అడుగుతారు. మూడు గ్లాసుల తర్వాత సంతకం పెట్టకండి. కాగితం ఇంటికి తెచ్చుకుని మర్నాడు చదవండి.

నాన్నగారు ఇండియాకి రెండు సీసాలు తీసుకెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. మనిషికి 2 లీటర్ల వరకు మద్యం సుంకం లేకుండా అనుమతి ఉంది. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండైతే లీటరున్నర, మూడైతే దాటిపోతుంది. క్యాబిన్ బ్యాగులో రానివ్వరు, పెద్ద సూట్‌కేసులో పెట్టాలి. ఒక్కో సీసా ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ముతక తువ్వాలులో పెట్టి, సూట్‌కేసు మధ్యలో బట్టల నడుమ సర్దండి. అమ్మ చీరలున్న పెట్టెలో మాత్రం పెట్టకండి.